మిలట్రీ గారి ఇల్లు స్టేజీ కాదు

కొత్తగా కండక్టరు ఉద్యోగంలో చేరిన మా వీధి అమ్మాయి మొన్న మా ఇంటికి వచ్చింది. మెడలో టిక్కెట్ల మిషను, చేతిలో ఫోను. ఉద్యోగం కష్టంగా ఉందని కాసేపు మొరపెట్టుకొని, "మీ రోజుల్లో బస్సు ఎలా ఆపించేవారండి ఆంటీ?" అని అడిగింది. తాడు లాగి ఆపించేవాళ్లమని చెప్పాను. వేళాకోళం ఆడుతున్నాననుకొని ఒకటే నవ్వింది.

కాబట్టి ముందు ఆ తాడు సంగతి చెప్పాలి. బస్సు పైకప్పు కింద, వెనక గుమ్మం దగ్గర్నుంచి డ్రైవరు తల మీది దాకా ఒక తాడు వేలాడుతూ ఉండేది. దాని చివర గంట. కండక్టరు ఒకసారి లాగితే ఆపమని, రెండుసార్లు లాగితే పొమ్మని. నోటితో చెప్పాలంటే "హోల్డాన్", "రైట్ రైట్". బడి ముఖం చూడని మా అమ్మకు కూడా ఆ మాటలు వచ్చు. ఆవిడ చేపల గంపతో ఆ బస్సుల్లోనే ఊరూరూ తిరిగేది మరి. బస్సు అంతా డ్రైవరు చేతిలో ఉంటుందని జనం అనుకుంటారు. ఆయన పని నడపడం. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కదలాలో చెప్పేది కండక్టరు. ఈ ముక్క గుర్తు పెట్టుకుంటే నేను చెప్పబోయే మనిషి మీకు అర్థమవుతాడు.

ఆయన్ని మా డిపోలో అందరూ మిలట్రీ గారు అనేవారు. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. సైన్యంలో లారీలు నడిపి, అక్కడ పింఛను పుచ్చుకొని వచ్చి, మా దగ్గర డ్రైవరుగా చేరారు. ఖాకీ చొక్కా మడత నలిగేది కాదు. తెల్లారి డిపోకి రాగానే బస్సు చుట్టూ తిరిగి, టైర్లన్నీ కర్రతో కొట్టి చూసి, స్టీరింగు గుడ్డతో తుడుచుకొని అప్పుడు కూర్చునేవారు. మిగతా డ్రైవర్లు టీ కొట్టు దగ్గర ఆయన్ని చూసి నవ్వుకునేవాళ్లు. వాళ్ల బస్సులు దారిలో ఆగిపోయేవి, ఈయనది ఆగేది కాదు. అయినా వాళ్లు నవ్వడం మానలేదు.

మా డిపోలో మొదట చేరిన ఆడ కండక్టర్లలో నేనొకదాన్ని. నోరు నాకు అప్పటికే కాస్త ఎక్కువ. నాతో డ్యూటీ అనగానే డ్రైవర్లకు తలనొప్పులు, నడుం నొప్పులు వచ్చేవి. ఒకాయన అయితే నా ఎదుటే, "ఆడకూతురితో డ్యూటీ ఏంటండి, రోడ్డు మీద గొడవైతే ఎవడు చూస్తాడు?" అన్నాడు. గొడవైతే నేను చూసుకుంటాను, మీరు రోడ్డు చూసుకోండని నేనన్నాను. ఇంక ఆయన నాతో ఎక్కలేదు. చివరికి నన్ను మిలట్రీ గారికి అంటగట్టారు. ఆయన నన్ను ఎగాదిగా చూడలేదు, ఊరూ పేరూ అడగలేదు.

"బెల్లు సరిగ్గా కొడతావా అమ్మా?"

"కొడతానండి."

"అయితే నాకు చాలు" అన్నారు.

ఆ మర్నాటి నుంచి నేను ఆయనకు చెల్లెమ్మను, ఆయన నాకు అన్నయ్యగారు. రాజమండ్రి నుంచి రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం వెళ్లే ఆర్డినరీ బస్సు మాది. నా ఉద్యోగంలో మంచి కాలమంతా ఆ బస్సులోనే గడిచింది.

ఆయన గురించి డిపోలో చెప్పుకొనే కథలన్నీ ఇక్కడ రాస్తే ఎడిటరుగారు నన్ను తంతారు. ఒక్కటి మాత్రం చెప్పాలి. మాజీ సైనికులకు మిలట్రీ క్యాంటీనులో మందు సీసాల కోటా ఉంటుంది. మందంటే మా వాళ్లకు అది చవగ్గా దొరికే యానాం గుర్తొచ్చేది, సెలవు దొరికితే చాలు అటు పరుగు. ఇంట్లోనే కోటా ఉన్న మనిషి పక్కన తిరుగుతుంటే వాళ్ల ప్రాణం ఊరుకుంటుందా? "మీరెలాగూ పుచ్చుకోరు కదండీ, మాకిప్పించండి" అని వెంటపడేవాళ్లు. ఆయన అన్నీ విని, "అలాగే. మీ ఆవిడను ఒకసారి వచ్చి అడగమనండి, ఇచ్చేస్తాను" అనేవారు. ఏ ఒక్కరి భార్యా వచ్చి అడగలేదు. కోటా అలాగే ఉండిపోయేది.

ఆయనకు ఇల్లంటే పిచ్చి. ఈ మాట పొగడ్తగానే అంటున్నాను. సైన్యంలో ఉండగా పెద్ద కూతురు పుట్టింది. సెలవు దొరికి ఇంటికి వచ్చేసరికి ఆ పిల్ల నడుస్తోందిట. మీసాలు చూసి జడిసిపోయి, నాన్న అని చెప్తే అమ్మ కుచ్చిళ్ల వెనక దాక్కుందిట. సెలవంతా ఆ పిల్లను మచ్చిక చేసుకోవడానికే సరిపోయిందని, తీరా దగ్గరికి వచ్చేసరికి రైలెక్కాల్సి వచ్చిందని చెప్పేవారు. సైన్యం వదిలి వచ్చాక హైదరాబాదులో మంచి జీతానికి పిలిచారు, వెళ్లలేదు. తన ఇంటి ముందు నుంచి వెళ్లే రూటు అడిగి మరీ వేయించుకున్నారు.

నైటవుట్ డ్యూటీ అని మాకు ఒకటుంటుంది. బస్సుని రాత్రికి ఏదో ఊళ్లో పెట్టుకొని, అక్కడే పడుకొని, తెల్లారి తీసుకురావాలి. ఆయన ఆ డ్యూటీ చేసేవారు కాదు. అందుకు బదులుగా దసరా, దీపావళి, ఉగాది, ఎవరికి ఏ పండక్కి సెలవు కావాలన్నా వాళ్ల డ్యూటీ తను చేసేవారు. పండగ పగలు పోయినా ఫరవాలేదు, రాత్రి మాత్రం ఇంట్లో ఉండాలి. పొద్దున్నే ఇద్దరు కూతుళ్లకూ జడలు వేసి డ్యూటీకి వచ్చేవారు. ఆ జడలు నేను చూశాను. పడవ తాళ్లలా ఉండేవి. సాయంత్రానికి కూడా ఒక్క వెంట్రుక కదిలేది కాదు, పిల్లలకు కనుబొమలు మాత్రం నుదుటి పైకి లాగేసినట్టుండేవి. "కాస్త వదులుగా వెయ్యండి అన్నయ్యగారూ" అంటే, "వదులుగా కట్టింది ఏదైనా దారిలో ఊడిపోతుంది చెల్లెమ్మా" అనేవారు.

ఆ ఇల్లు కొత్తపేట దాటాక కాలవ గట్టు రోడ్డు మీద ఒక మలుపులో ఉంటుంది. ముందు ఇనుప గేటు, గేటుకి రెండు పక్కలా బంతి మొక్కలు. మా బస్సు వచ్చే వేళకు వదినగారు గేటు దగ్గరకు వచ్చి నిలబడేవారు. మలుపు తిరగగానే ఆయన హారను ఒక్కసారి, పొట్టిగా కొట్టేవారు. ఆవిడ చెయ్యి ఎత్తేవారు. అంతే. బస్సు వెళ్లిపోయేది. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి, వానైనా ఎండైనా ఇదే వరస.

ఒక్కనాడూ ఆపలేదు. ఎందుకంటే అది స్టేజీ కాదు. స్టేజీ ఊరి సెంటర్లో, ఇంకాస్త ముందుకు వెళ్లాలి. మా వైపు ఆర్డినరీ బస్సంటే తెలుసు కదా, ఎవరు ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ ఆగాలి. గేదెను తోలుకెళ్లేవాడు కూడా ఆపి టైమెంతైందని అడుగుతాడు. మిలట్రీ గారి దగ్గర ఆ పప్పులు ఉడికేవి కావు. ఆయన ఊరివాళ్లకే ఆయనంటే కోపం. "మనూరోడే అయ్యుండి మనింటి కాడ ఆపడంటండే" అని నాకు ఫిర్యాదు చేసేవాళ్లు. వాళ్లకు ఆయన ఇచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే, "మా ఇంటి ముందే ఆపను, మీ ఇంటి ముందు ఆపుతానా?" వదినగారు కూడా ఊరెళ్లాలంటే సెంటరుకి నడిచి వెళ్లి, నలుగురితో పాటు ఎక్కి, నా దగ్గర టిక్కెట్టు తీసుకునేవారు. మొగుడి బస్సని ముందు సీటు అడిగేవారు కాదు. దిగాక మళ్లీ అంత దూరమూ వెనక్కి నడిచేవారు. బస్సులో ఆడవాళ్లు ముసిముసిగా నవ్వితే, "ఆయన సంగతి మీకు తెలీదండి, రోడ్డు మీద నేనెవరో ఆయనకు తెలీదు" అని ఆవిడా నవ్వేవారు.

ఈ పట్టుదల ఎక్కడిదో నాకు ఒక మధ్యాహ్నం తెలిసింది. ఎప్పుడూ లేనిది టైరు పంక్చరై రావులపాలెం అవతల అరటితోట పక్కన కూర్చున్నాం. ఇంటి ముందు ఒక్క నిమిషం ఆపితే కొంపలు మునుగుతాయా అని నేను మామూలుగానే దెప్పాను. అప్పుడు చెప్పారు.

"కొండ రోడ్డు చెల్లెమ్మా. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. మా బళ్లన్నీ వరసగా వెళ్తున్నాయి. నా ముందు బండి నడిపేవాడు మనవాడే, పెనుగొండ వైపు కుర్రాడు. వాడి బండి మీద కప్పిన పట్టా తాడు ఊడింది. కట్టుకుందామని ఆగాడు. ఆగమని ఎవరూ చెప్పలేదు, వాడికి ఆగాలనిపించింది. వాడాగితే వెనక అందరం ఆగాం. అది ఎదుటి కొండ మీద తుపాకులతో ఉన్నవాళ్లకి కనబడే మలుపు."

తర్వాత ఏమైందని నేనే అడిగాను.

"వాణ్ణి బండి మీంచి కిందకి దింపింది నేనే" అన్నారు. "ఆపమని చెప్పేవాడు చెప్తే ఆపాలి. మనకి ఆపాలనిపించిందని ఆపకూడదు. ఇక్కడ చెప్పేదానివి నువ్వు. బెల్లు కొట్టు, బావిలోనైనా ఆపుతాను."

ఏటా ఒకసారి పెనుగొండ వెళ్లి ఆ కుర్రాడి తల్లిని చూసి, ఆవిడకు కావలసినవి చూసి వచ్చేవారని తర్వాత వదినగారి ద్వారా తెలిసింది. నేను మళ్లీ ఇంటి ముందు ఆపమని దెప్పలేదు.

ఇప్పుడు అసలు రోజు గురించి చెప్పాలి.

కార్తీక సోమవారం. కూతుళ్లిద్దరికీ అప్పటికే పెళ్లిళ్లయ్యాయి, ఇంట్లో వదినగారొక్కరే. రాజమండ్రిలో గోదావరి స్నానాలు చేసుకొని వస్తున్న ఆడవాళ్లతో బస్సు కిటకిటలాడుతోంది. తడిచీరల సంచులు, దీపాల వత్తులు, అరటి దొప్పలు. అందరి కబుర్ల మధ్య నా గొంతు నాకే వినబడడం లేదు. కొత్తపేట దాటాం. మలుపు తిరిగాం. ఆయన హారను కొట్టారు.

గేటు దగ్గర ఎవరూ లేరు.

ఆయన మళ్లీ హారను కొట్టారు. నేను ఆ బస్సెక్కిన ఇన్నేళ్లలో అక్కడ రెండోసారి హారను వినడం అదే మొదలు. ఫుట్‌బోర్డు దగ్గర నిలబడ్డ నేను వంగి చూశాను. గేటు బార్లా తెరిచి ఉంది. బంతి మొక్కలకు నీళ్లు పెట్టే గొట్టం నేల మీద పడి ఉంది. మోటారు ఆడుతూనే ఉంది. నీళ్లు గేటు దాటి రోడ్డు మీదకు పారుతున్నాయి. ఆ ఇంట్లో నీటి చుక్క వృథా పోనిచ్చే మనుషులెవరూ లేరు.

బస్సు ఇల్లు దాటుతోంది. ఆయనా చూశారు. చేతులు స్టీరింగుని నలిపేస్తున్నాయి, కాలు మాత్రం బ్రేకు మీదకు రాలేదు. తల మీది అద్దంలో ఆయన కళ్లు రోడ్డుని చూడడం లేదు. నన్ను చూస్తున్నాయి. అంత పెద్ద మనిషి కళ్లలో అలాంటి వేడుకోలు నేను ఎప్పుడూ చూడలేదు.

తాడు లాగాను. ఒక్కటే.

"హోల్డాన్!"

బస్సు అక్కడికక్కడే ఆగింది. నిలబడ్డవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆయన ఇంకా సీట్లోనే ఉన్నారు.

"స్టేజీ కాదు చెల్లెమ్మా" అన్నారు.

"నేను కొట్టాను కదండీ. దిగండి ముందు!" అని అరిచాను.

అప్పుడు దూకారు. ఆ వయసులో అంత పరుగు నేను ఊహించలేదు. నేనూ, నా వెనక నలుగురు ఆడవాళ్లూ వెళ్లేసరికి ఆయన పెరటి గట్టు దగ్గర నేల మీద కూర్చొని ఉన్నారు. ఒళ్లో వదినగారి తల. మూతి ఒక పక్కకు పోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, ఏదో చెప్పాలని చూస్తున్నారు, మాట రావడం లేదు. కుడి చెయ్యి మట్టిలో ఊరికే పడి ఉంది. బస్సులో ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ఒకావిడ ఉంది. చూడగానే, "పక్షవాతమండి. అంబులెన్సు కోసం కూర్చోకండి, ఎంత తొందరగా తీసుకెళ్తే అంత మంచిది. అమలాపురం పోనివ్వండి" అంది.

కార్తీక స్నానాల ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే వెనక పొడుగు సీటు ఖాళీ చేశారు. తడిచీరల సంచులు తలకింద పెట్టారు. ఒకావిడ వెళ్లి మోటారు కట్టి వచ్చింది. వదినగార్ని పడుకోబెట్టాక నేను డ్రైవరు సీటు దగ్గరకు వెళ్లాను. ఆయన చేతులు వణుకుతున్నాయి.

"నడపగలరా అన్నయ్యగారూ?"

ఆయన నావైపు చూడలేదు. "నువ్వు బెల్లు కొట్టు" అన్నారు.

రెండు కొట్టాను. ఆ రెండు గంటలు వినగానే ఆయన చేతులు వణకడం మానేశాయి. ఇది నేను కల్పించి చెప్పడం లేదు, కళ్లారా చూశాను.

స్టేజీలన్నీ దాటించుకుంటూ పోవాలని నేనే నిర్ణయించాను. ఆయనకు అది చేతకాదు. దూరంగా స్టేజీ కనబడి, జనం చెయ్యెత్తగానే ఆయన కాలు దానంతటదే బ్రేకు మీదకు పోయేది. నేను రెండు కొట్టేదాన్ని. బస్సు మళ్లీ అందుకునేది. ఇంకో స్టేజీ, మళ్లీ కాలు, మళ్లీ నేను. "రైట్ రైట్ రైట్" అని అరిచీ అరిచీ గొంతు బొంగురుపోయింది. ఒక ముసలాయన మాత్రం, "అమ్మాయ్, మా ఊరెల్లిపోయిందే" అని లేచాడు. "కూర్చోవయ్యా, ఊరెక్కడికీ పోదు" అని ఆడవాళ్లంతా ఒక్కసారి విరుచుకుపడ్డారు. పాపం కూర్చున్నాడు.

అమలాపురం ఇంకాస్త దూరం ఉందనగా కాలవ వంతెన మీద కొబ్బరికాయల ట్రాక్టరు అడ్డం. వంతెన ఇరుకు, ఒక బండే పడుతుంది. ట్రాక్టరువాడు సగం దాటాడు కాబట్టి మేమే వెనక్కి వెళ్లాలంటాడు. నేను దిగేలోపే కార్తీకం వాళ్లు దిగిపోయారు. పొద్దుట్నుంచి ఉపవాసం ఉన్న ఆడవాళ్లు అంత మంది ఒక్కసారి మీదకు వస్తే ఏ మగాడు నిలబడతాడండి? వాడు "ఆయ్, ఎల్తానండి, ఎల్తానండి" అంటూ బండి వెనక్కి తీశాడు. కాయలు పది కాలవలో పడ్డా చూసుకోలేదు.

ఆసుపత్రి ముందు బస్సు ఆపి, లోపలికి మోసుకెళ్లి, డాక్టర్లకు అప్పగించాం. వేళకు తెచ్చారు, ప్రాణానికి ఫరవాలేదన్నారు. ఆ మాట విన్నాక ఆయన వరండాలో బల్ల మీద కూలబడ్డారు. నేను పక్కన కూర్చున్నాను. ఏడుస్తారేమో, ఏమని ఓదార్చాలా అని ఆలోచిస్తున్నాను. ఆయన కళ్లు తుడుచుకొని, "మీ వదినకు టిక్కెట్టు కొట్టావా?" అన్నారు.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అక్కడే కూర్చొని టిక్కెట్టు కొట్టి ఇచ్చాను. జేబులో భద్రంగా పెట్టుకున్నారు.

ఏదో స్టేజీలో మిగిలిపోయినవాళ్లు పైకి ఫిర్యాదు పెట్టారు. మా ఇద్దరికీ మేనేజరు గారి నుంచి పిలుపు వచ్చింది.

"స్టేజీ కాని చోట బస్సెందుకు ఆపారండి?"

"బెల్లు కొట్టారండి. ఆపాను" అన్నారు మిలట్రీ గారు.

"అది మీ ఇల్లే కదా?"

"ఆయ్. అందుకే నా అంతట నేను ఆపలేదండి."

మేనేజరు గారు నావైపు తిరిగారు. ఎందుకు కొట్టావమ్మా అన్నారు. ఎక్కేవాళ్లున్నారండి, అన్నాను. టిక్కెట్టు ఇచ్చావా అంటే, ఇచ్చానండి, కావాలంటే ఆయన జేబులో ఉంది చూడండన్నాను. అంతలో గుమ్మం దగ్గర అలికిడైంది. మేము ఊరు దాటించేసిన ముసలాయన, చేతిలో అరటి గెల. ఆయన కూడా ఫిర్యాదుకే వచ్చాడనుకున్నాం. "కాదండే, ఆ అమ్మకెలా ఉందో కనుక్కుందామని వచ్చాను" అన్నాడు. మేనేజరు గారు ఇంక గట్టిగా ఉండలేకపోయారు. నాకు ఒక హెచ్చరిక, ముసలాయనకు టీ ఇప్పించి పంపేశారు.

వదినగారు బతికారు. కుడి పక్క చచ్చుబడింది. మాట కూడా తిరిగి రాలేదు. కూతుళ్లు తమ ఇళ్లకు తీసుకెళ్తామన్నారు. "మీ అమ్మకు ఈ రోడ్డు అలవాటు" అని ఈయన పంపలేదు. ఉన్న సెలవంతా పెట్టుకొని వంట నేర్చుకున్నారు, స్నానం చేయించడం నేర్చుకున్నారు. మాట లేని మనిషికి ఏం కావాలో తెలిసేదెలా? ఆ ఇంట్లో దానికి ఆయన కనిపెట్టిన ఉపాయం మా ఉద్యోగంలోంచే వచ్చింది. మంచం ఇనప పట్టీ మీద ఆవిడ ఎడమ చేత్తో కొట్టాలి. ఒకటి కొడితే వద్దు, ఆపు. రెండు కొడితే సరే, కానివ్వు.

ఆదివారాలు నేను చేపల పులుసు పట్టుకొని వెళ్లేదాన్ని. ఆ మొగుడూ పెళ్లాల కాపురం చూడడానికి రెండు కళ్లూ చాలేవి కావు. ముద్ద పెడతారు, ఆవిడ రెండు కొడతారు. ఇంకో ముద్ద. ఆయన వండిన కూర కలిపితే ఒకటి. నా పులుసు కలిపితే రెండు, అదీ గట్టిగా. ఆయన మూతి ముడుచుకొని, "ఉప్పు సరిపోయిందే!" అనేవారు. ఒకటి. "పోనీ కారమా?" మళ్లీ ఒకటి. భోజనమయ్యాక వెనక కూర్చొని ఆవిడకు జడ వేసేవారు. కూతుళ్లకు వేసిన ఆ జడే. సగం అల్లేసరికి ఠంగుమని ఒకటి పడేది. "వదులుగా కట్టింది ఏదైనా..." అని ఈయన మొదలుపెట్టేవారు. ఠంగున మళ్లీ ఒకటి. అప్పుడు ఊడదీసి వదులుగా అల్లేవారు. నేను చెబితే వినని మనిషి, కూతుళ్లు ఏడిస్తే వినని మనిషి, ఆ ఒక్క దెబ్బకు లొంగిపోయేవారు.

ఆయన మళ్లీ డ్యూటీలో చేరాక, పక్కింటావిడ వేళకు చక్రాల కుర్చీని గేటు దగ్గరకు తోసేది. ఈయన హారను కొట్టేవారు. వదినగారు చెయ్యెత్తేవారు కాదిప్పుడు. గేటు మీద ఒకటి కొట్టేవారు, ఆపమని. కళ్లలో చిలిపితనం మాకు కనబడుతూనే ఉండేది. ఈయన తల అడ్డంగా ఊపి, స్టేజీ కాదని పెదవులతో చెప్పి, సాగిపోయేవారు. ఆ దారిన రోజూ వెళ్లే జనం ఇది చూడడానికి ఆ పక్క సీట్లకు పోటీపడేవాళ్లు.

పదవీ విరమణ రోజు బస్సుకి పూలు కట్టాం. ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి ప్రయాణికులందరికీ పంచాను. ఆ మలుపు దగ్గరకు వచ్చేసరికి తాడు పట్టుకున్నాను. ఇవాళైనా ఆపిద్దామని నా ఆశ, బస్సంతా నావైపే చూస్తోంది. ఆయన అద్దంలో చూసి, వద్దన్నట్టు తల ఊపారు. నేను కొట్టలేదు. గేటు దగ్గర ఆవిడ ఒకటి కొట్టారు, ఈయన హారను కొట్టారు, బస్సు వెళ్లిపోయింది. డిపోలో బస్సు అప్పగించి, దండలు సంచిలో పెట్టుకొని, వెనక బస్సులో టిక్కెట్టు తీసుకొని, ఊరి సెంటర్లో దిగి నడుచుకుంటూ ఇంటికి వెళ్లారట. ఇలాంటివాణ్ణి ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు. నా ఉద్యోగంలో ఎందరో అధికార్లను చూశాను, సన్మానాలు చూశాను. నేను మనసారా దండం పెట్టింది మాత్రం ఆయనకే.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆవిణ్ణి చూసుకుంటూనే బతికారు. ఈ ఏడు వానలు మొదలవుతుండగా ఒక మధ్యాహ్నం భోజనం చేసి, ఆవిడ మంచం పక్క కుర్చీలో కునుకు తీశారు. మళ్లీ లేవలేదు.

నేను వెళ్లేసరికి ఇల్లంతా జనం. చుట్టుపక్కల మాజీ సైనికులు టోపీలు పెట్టుకొని వచ్చి వరసగా నిలబడి సెల్యూట్ చేశారు. మా డిపో పాతవాళ్లూ వచ్చారు, ఒకప్పుడు ఆయన్ని చూసి నవ్వినవాళ్లతో సహా. వైకుంఠ రథం గేటు ముందు ఆపి, ఆయన్ని అందులో పడుకోబెట్టారు. వదినగారి కుర్చీని నేను రథం పక్కకు తోసుకొచ్చి, పట్టుకొని నిలబడ్డాను. డప్పులు మొదలయ్యాయి. పెద్దలు కానివ్వండి కానివ్వండి అంటున్నారు. బండి ఇంజను అందుకుంది.

ఆవిడ ఎడమ చెయ్యి చాచి రథం రేకు మీద కొట్టారు. ఒకటి.

డప్పుల హోరులో ఎవరికీ వినబడలేదు. నాకు వినబడింది. నా ప్రమేయం లేకుండానే గొంతు లేచింది.

"హోల్డాన్!"

డప్పులు ఆగిపోయాయి. బండి ఆగింది. రథం నడిపే కుర్రాడు తల బయటపెట్టి, "ఏంటండి?" అన్నాడు. పెద్దాయన ఒకరు, "ఏంటమ్మా ఇది, వేళ మించిపోతుంటే?" అని కసిరారు.

"ఆవిడ ఆపమన్నారండి. ఆయన బండి ఈ ఇంటి ముందు ఆవిడ ఆపమంటే ఒక్కనాడూ ఆగలేదు. ఇవాళ ఆగుతుంది" అన్నాను. వెనక రోడ్డు మీద మా రూటు బస్సు వచ్చి నిలబడింది. ఆ డ్రైవరు కూడా హారను కొట్టలేదు.

కుర్చీని ఇంకా దగ్గరకు జరిపాను. వదినగారు ఎడమ చేత్తో ఆయన మీసం సర్దారు. చెంప మీద పడ్డ బంతి రేకు తీసేశారు. చొక్కా మడత నలిగితే సాఫు చేశారు. చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయారు. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకొని రథం రేకు మీద పెట్టారు.

ఒకటి కొట్టారు. నేను ఎదురుచూశాను. చెయ్యి అక్కడే ఉంది. కూతుళ్లిద్దరూ వచ్చి చెరోపక్కా పట్టుకున్నారు. అప్పుడు రెండోది కొట్టారు.

నాకు కన్నీళ్లాగలేదు. అయినా అది నా డ్యూటీ.

"రైట్... రైట్" అన్నాను.

మిలట్రీ గారి బండి కదిలింది.